పొద్దున్నే మొరాయిస్తున్న పాత ఎంపీఎఫ్‌ఐ కారు: మూడు పనులు చేయించినా వణుకు తగ్గలేదు (గుణుపురం)

వంశధార_మాస్టారు (గుణుపురం) | ఆదివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. ఒడిశాలోని గుణుపురంలో సైన్సు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా దగ్గర 2005 నాటి 1,100 సీసీ పెట్రోలు కారు ఉంది. నాలుగు సిలిండర్లు, ఎంపీఎఫ్‌ఐ (ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మే రకం), 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఆ బండి మంచిదా చెడ్డదా అనే వాదన మొదలవుతుంది, నా బాధ నాకే మిగులుతుంది.

రెండు నెలలుగా పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిను తిరుగుతుంది కానీ అందుకోదు. నాలుగైదు సార్లు కొట్టాక దగ్గుతూ లేస్తుంది. లేచాక రెండు నిమిషాలు చలిజ్వరం పట్టినట్టు బండంతా వణుకుతుంది, డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు తల ఊపుతూనే ఉంటాడు. ఆర్‌పీఎం ముల్లు 500కీ 900కీ మధ్య ఊగుతుంది. రోడ్డెక్కితే బాగానే లాగుతుంది. లీటరుకు 15 ఇచ్చేది, ఇప్పుడు 11 దాటడం లేదు.

ఇక్కడి షెడ్డులో ప్లగ్గులు నాలుగూ మార్చారు, ఇంజినుకు గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ కడిగారు, ట్యాంకులో పెట్రోలు పంపు కొత్తది వేశారు. మొత్తం 9,600 రూపాయలు. బండి మాత్రం ఎక్కడిదక్కడే. ఇప్పుడేమో ఇంజినును నడిపే కంప్యూటర్ పోయింది, పాతదొకటి తెప్పించి వేస్తామంటున్నారు. అక్కడ ఆగి ఇక్కడికి వచ్చాను.

రాయగడ_డ్రైవర్ | ఉదయం 8:32

మాస్టారూ, ఇందులో ఆలోచించడానికి ఏముంది? పెట్రోలులో కలుపుతున్న ఎథనాల్ పని ఇది. 2005 బండి ఇరవై శాతం ఎథనాల్ కోసం తయారైనది కాదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మన వైపు వానలు మీకు తెలియనివి కావు. ట్యాంకు ఖాళీ చేయించి చూడండి.

జయపురం_మీటరు | ఉదయం 8:55

డ్రైవర్ అన్నయ్యా, ఎథనాల్ ఈమధ్య అందరి నెత్తినా పడుతున్న నింద. ఉంటే ఉండవచ్చు. అయితే ట్యాంకు దించకముందు బ్యాటరీ చూడాలి.

మాస్టారూ, మల్టీమీటరు ఉందా? బండి ఆపి ఉన్నప్పుడు 12.5 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని, అదే సమయంలో బ్యాటరీ కొనల దగ్గర చూడండి. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ నీరసం. సెల్ఫ్ తిరిగినట్టే ఉంటుంది కానీ కంప్యూటరుకూ, ప్లగ్గులకు మెరుపు పుట్టించే కాయిల్‌కూ చాలినంత కరెంటు అందదు. తర్వాత మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిను ఇనుము మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ తీగ తుప్పు పట్టిందని అర్థం. ఈ కొండ ప్రాంతంలో నేను చూసిన మొండి బండ్లలో సగం ఆ పట్టీ దగ్గరే దొరికాయి.

ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడండి. వానాకాలంలో వెచ్చటి ఇంజిను కంటే వాటికి మంచి ఇల్లు లేదు.

బరంపురం_బాబు | ఉదయం 9:20

ఫోనుకు కలిపే చిన్న కోడ్ రీడర్లు ఆన్‌లైనులో ఏడెనిమిది వందలకే వస్తున్నాయి కదా. స్టీరింగు కింద తగిలిస్తే రోగం అదే చెబుతుంది.

జయపురం_మీటరు | ఉదయం 9:31

చెబితే మంచిదే తమ్ముడూ. మన దేశంలో ఓబీడీ (బండి తన లోపాన్ని తానే పసిగట్టి చెప్పే ఏర్పాటు) మొదటి దశ తప్పనిసరి అయింది 2010లో, రెండో దశ 2013లో. 2005 బండిలో 16 పిన్నుల గూడు ఉన్నా, లోపల మాట్లాడే భాష ఆ చౌక రీడరుకు అర్థం కాకపోవచ్చు. పైగా ఆ కాలపు కంప్యూటర్లు తీగ తెగితే చెబుతాయి కానీ, ఇంజెక్టర్ కారుతుంటే పసిగట్టలేవు.

పర్లాకిమిడి_పాతచేయి | ఉదయం 10:05

మాస్టారూ, నమస్కారం. ముప్పై ఏళ్లు బస్సుల కింద, ఆ తర్వాత పన్నెండేళ్లు కార్ల కింద పడుకుని బతికినవాణ్ణి. మా నాన్న నౌపడా–గుణుపురం చిన్న రైలులో పనిచేశారు, కాబట్టి మీ ఊరు నాకు కొత్త కాదు.

మీరు ఎలా వణుకుతుందో చెప్పారు. ఎప్పుడెప్పుడు మొరాయిస్తుందో చెప్పలేదు. వైద్యుడు జ్వరం ఎంత అని కాక ఏ వేళ వస్తోంది అని అడిగినట్టు అడుగుతున్నాను.

రాత్రంతా ఆగాక మొరాయిస్తుందన్నారు. మరి వేడి బండిని ఆపి వెంటనే స్టార్ట్ చేస్తే? ఆపి, సంతలో కూరగాయలు కొనుక్కుని ఇరవై నిమిషాల తర్వాత వస్తే?

రేపు పొద్దున సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగండి, ఆఫ్ చేయండి. వెనక సీటు కింద పంపు సన్నగా గుంయ్‌మని ఆగడం వినిపిస్తుంది. అలా మూడు సార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. మర్నాడు ఆ పని చేయవద్దు. యాక్సిలరేటర్ నేల దాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, అందుకోగానే కాలు తీసేయండి. రెండు రోజులూ ఏమైందో రాయండి. అప్పటిదాకా కంప్యూటర్ జోలికి వెళ్లవద్దు, ఎవరినీ వెళ్లనివ్వవద్దు.

బరంపురం_బాబు | ఉదయం 10:14

నేల దాకా తొక్కితే ఇంకా పెట్రోలు పోయి ముంచెత్తదా బాబాయ్? మా మారుతి 800 కార్బొరేటర్ బండికి అలా చేస్తే వాసనే మిగిలేది.

పర్లాకిమిడి_పాతచేయి | ఉదయం 10:40

కార్బొరేటర్‌లో పెడల్ కొడితే పంపు పిచికారీ కొడుతుంది, నిజమే. ఎంపీఎఫ్‌ఐలో పెడల్ తెరిచేది గాలి తలుపును మాత్రమే, పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఇంజిను సెల్ఫ్ మీద తిరుగుతూ పెడల్ పూర్తిగా కింద ఉంటే, వీడు మునిగిపోయినట్టున్నాడు అనుకుని చాలా బండ్లలో అది ఇంజెక్టర్లను ఆపేస్తుంది, లేదా బాగా తగ్గిస్తుంది. గాలి ఆడి సిలిండర్ ఆరుతుంది.

అందుకే ఈ రెండు పరీక్షలు. తాళం మూడు సార్లు తిప్పితే లేచిందంటే పెట్రోలు చాలడం లేదు. పెడల్ తొక్కితే లేచిందంటే పెట్రోలు ఎక్కువైంది. ఒక్క పైసా ఖర్చు లేదు.

సిరొంచ_గోదారి | మధ్యాహ్నం 1:15

మహారాష్ట్ర వైపు నుంచి ఒక మాట. మా గడ్చిరోలి ఎండల్లో నా పాత బండికి ఇలాగే అయింది. చల్లని ఇంజినును వేడి ఇంజిను అని చెబుతున్న టెంపరేచర్ సెన్సర్ అది. పొద్దున ఎక్కువ పెట్రోలు కావలసిన చోట కంప్యూటర్ తక్కువ పోసేది. రెండు తీగల చిన్న సెన్సర్, కొత్తది వేయగానే సర్దుకుంది. మాస్టారు అది కూడా చూసుకుంటే మంచిది.

జయపురం_మీటరు | మధ్యాహ్నం 1:40

గోదారి గారి మాట విలువైనది. అది తిరగబడి వేడి ఇంజినును చల్లగా ఉందని చెబితే ఎప్పుడూ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. మాస్టారి బండి 11కు దిగడం చూస్తే ఆ అనుమానమూ ఉంది. కొలవడం తేలిక. పిన్ను తీసి సెన్సర్ రెండు కాళ్ల మధ్య నిరోధం చూడండి. 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర కిలో ఓముల మధ్య ఉండాలి. ఇంజిను బాగా వేడెక్కి 80 డిగ్రీలకు వస్తే 300 ఓముల చుట్టుపక్కలకు దిగాలి.

వంశధార_మాస్టారు | మంగళవారం, రాత్రి 9:05

రెండు రోజుల లెక్క తెచ్చాను.

బ్యాటరీ ఆగి ఉన్నప్పుడు 12.6, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.4. ఎర్త్ దగ్గర 0.15. టెంపరేచర్ సెన్సర్ పొద్దున 26 డిగ్రీల దగ్గర 1.9 కిలో ఓములు, ఫ్యాను తిరిగాక 290. రెండూ బాగున్నట్టే అనుకుంటున్నాను.

డ్రైవర్ గారి ఎథనాల్ కూడా వదల్లేదు. బడి ప్రయోగశాల నుంచి 100 మిల్లీలీటర్ల కొలజాడీ తెచ్చి, 90 పెట్రోలు పోసి 10 నీళ్లు కలిపి కుదిపాను. పది నిమిషాలకు కింది పొర 27 దగ్గర నిలిచింది. అంటే ఎథనాల్ దాదాపు 19 శాతం, బంకువాళ్లు చెప్పినంతే. నీళ్లు కలపకముందు సీసాలో అడుగున వేరే పొర ఏదీ లేదు, కాబట్టి ట్యాంకులో నీరు చేరలేదు.

అసలు సంగతి ఇది. సోమవారం పొద్దున తాళం మూడు సార్లు ఆన్ ఆఫ్ చేసి కొట్టాను. మామూలు కంటే ఘోరంగా ఏడు సార్లు కొట్టాల్సి వచ్చింది. లేచాక వెనక నల్లటి పొగ. మంగళవారం పెడల్ నేలకు తొక్కి కొట్టాను. రెండో చుట్టుకే లేచింది!

వేడి బండి ఆపి వెంటనే కొడితే బాగానే లేస్తుంది. ఇరవై నిమిషాలు ఆగితే మొరాయిస్తుంది. ఇన్నాళ్లూ ఇది ఎండ వల్ల అనుకున్నాను.

పర్లాకిమిడి_పాతచేయి | మంగళవారం, రాత్రి 9:30

పెట్రోలు ఎక్కువవుతున్న బండికి కొత్త పెట్రోలు పంపు వేశారన్నమాట. దాహంతో ఉన్నాడనుకుని, మునిగిపోతున్నవాడి నోట్లో నీళ్లు పోశారు.

రేపు బడి నుంచి వచ్చాక, ఇంజిను వెచ్చగా, బండి కదలకుండా ఐడిల్‌లో అయిదు నిమిషాలు తిరిగాక ఆపి, ప్లగ్గులు నాలుగూ విప్పండి. ఏది ఏ సిలిండరుదో కలిసిపోకుండా వరుసగా పెట్టి ఫొటో తీయండి. నాలుగూ నల్లగా ఉంటే నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో తప్పు చేస్తోంది. అంటే పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసే ప్రెజర్ రెగ్యులేటర్, లోపలికి పోయే గాలిని అంచనా వేసే మ్యాప్ సెన్సర్ లాంటివి. ఒక్కటే నల్లగా ఉంటే ఆ గదిలోనే దొంగ ఉన్నాడు.

ఇంకొకటి. ఇంజినాయిలు పుల్ల తీసి వాసన చూడండి.

వంశధార_మాస్టారు | బుధవారం, సాయంత్రం 6:20

ఫొటో పెట్టాను. మొదటిది, రెండోది, నాలుగోది ఇటుక రంగుకూ బిస్కట్ రంగుకూ మధ్యలో ఉన్నాయి. మూడోది కాటుక పూసినట్టు తడిగా నల్లగా ఉంది, వేలు పెడితే అంటుకుంది. నెల కిందట కొత్తగా వేసిన ప్లగ్గే అది.

ఆయిలు పుల్ల మీద గీత దాటి అర వేలు పైకి ఉంది, వాసన చూస్తే పెట్రోలు. ఆయిలు పోయకుండా ఆయిలు పెరగడం చూసి భయం వేసింది.

రాయగడ_డ్రైవర్ | సాయంత్రం 6:41

ఒక్క ప్లగ్గే నల్లబడితే కాయిల్ కావచ్చు కదా? మెరుపు సరిగా లేకపోతే పెట్రోలు కాలక ప్లగ్గు తడిసిపోతుంది. ఎథనాల్ విషయంలో ఓడిపోయానని ఒప్పుకోవడం లేదు, పక్కకు జరిగానంతే.

జయపురం_మీటరు | సాయంత్రం 7:02

మంచి ప్రశ్న. ఇలాంటి నాలుగు సిలిండర్ల బండ్లలో డిస్ట్రిబ్యూటర్ ఉండదు. ఒక కాయిల్ ఒకటో, నాలుగో సిలిండర్లకు ఒకేసారి, ఇంకోటి రెండో, మూడో సిలిండర్లకు ఒకేసారి మెరుపు ఇస్తుంది. కాయిల్ బలహీనమైతే మూడుతో పాటు రెండు కూడా నల్లబడాలి. మాస్టారి ఫొటోలో రెండోది బిస్కట్ రంగులో ఉంది. మిగిలింది కాయిల్ నుంచి ఆ ప్లగ్గుకు మెరుపు మోసే ఒక్క హెచ్‌టీ వైరు. పొడవు సరిపోతే మూడో వైరును పక్కదానితో మార్చి, ప్లగ్గులు కూడా తారుమారు చేసి రెండు రోజులు నడపండి. నలుపు వైరు వెంట వెళ్తే వైరు. గదిలోనే ఉండిపోతే ఇంజెక్టర్, లేదా కంప్రెషన్ (సిలిండర్ గాలిని నొక్కి పట్టే బలం).

వంశధార_మాస్టారు | శుక్రవారం, రాత్రి 8:15

వైరూ ప్లగ్గూ రెండూ మార్చాను. నలుపు మూడో గదిలోనే ఉంది, మూడో గదికి వెళ్లిన పాత బిస్కట్ రంగు ప్లగ్గు రెండు రోజుల్లో కాటుకైంది. షెడ్డులో కంప్రెషన్ చూపించాను. నాలుగూ 11.5కూ 12కూ మధ్య, దాదాపు సమానంగా ఉన్నాయి.

పర్లాకిమిడి_పాతచేయి | శుక్రవారం, రాత్రి 8:50

మూడో ఇంజెక్టర్ మూసుకోవడం లేదు. మీ కథ మొత్తం ఆ ఒక్క చుక్కలో ఉంది. ఇంజిను ఆపాక, ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలో (దాన్నే రైలు అంటాం) మిగిలిన ఒత్తిడికి అది కారుతుంది. ఆపి వెంటనే కొడితే కారడానికి సమయం లేదు. ఇరవై నిమిషాలాగితే ఆ సిలిండర్ దారిలో మడుగు కడుతుంది. పొద్దునకు ఆ మడుగు రింగుల పక్కనుంచి జారి ఆయిల్లో చేరుతుంది, రైలులో ఒత్తిడి పోతుంది. మీరు తాళం మూడు సార్లు తిప్పితే పంపు మూడు సార్లు ఆ మడుగును నింపింది.

అలా నడపడం మానేయండి. పెట్రోలు కలిసి పలచబడిన ఆయిలుతో బేరింగులు అరిగిపోతాయి. కాలని పెట్రోలు పొగగొట్టంలో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌కు చేరి అక్కడ మండుతుంది. అది కరిగితే ఇంజెక్టర్ ఖర్చు చిల్లరలా కనిపిస్తుంది.

ఆదివారం రైలెక్కి వస్తాను. కళ్లతో చూస్తే గానీ నాకు నిద్రపట్టదు. మూత లేని నాలుగు గాజు పాత్రలు సిద్ధంగా ఉంచండి. పక్కనే బకెట్టు నిండా పొడి ఇసుక కూడా.

వంశధార_మాస్టారు | ఆదివారం, రాత్రి 9:40

పర్లాకిమిడి బాబాయి గారు వచ్చి వెళ్లారు. అందరికీ ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రాగానే బండి వంక చూడలేదు, ముందు మా పెరట్లో పొయ్యి ఎక్కడుందో చూశారు. దాన్ని ఆర్పించారు. రైలులో ఒత్తిడి తీసేశాక, కాయిల్ పిన్ను పీకి జేబులో వేసుకున్నారు, ఎవరైనా పొరపాటున సెల్ఫ్ కొట్టినా మెరుపు రాకుండా. ఇంజెక్టర్ల రైలును నాలుగింటితో సహా పైకి లేపి, ఒత్తిడికి ఇంజెక్టర్లు ఎగిరి ఊడిపోకుండా ఒక్కోదాన్ని సన్నటి ఇనుప తీగతో రైలుకు కట్టారు. మా ఇంటావిడ నాలుగు టీ గ్లాసులు ఇచ్చి, ఇవి మళ్లీ వంటింటి గడప తొక్కకూడదన్నారు.

నన్ను తాళం ఆన్ మాత్రమే చేయమన్నారు. పంపు గుంయ్‌మని ఆగింది. వంగి చూశాను. ఒకటి, రెండు, నాలుగు పొడిగా ఉన్నాయి. మూడోదాని మూతి మీద ఒక చుక్క పుట్టింది. జలుబు చేసిన పిల్లవాడి ముక్కు కొనలా కాసేపు వేలాడి, లావై, టప్పున గ్లాసులో పడింది. వెంటనే ఇంకొకటి. బాబాయి గారు గడియారం చూస్తూ లెక్కపెట్టారు, నిమిషానికి పదమూడు. నిమిషానికి ఒక చుక్క దాటితే ఆ ఇంజెక్టర్ పనికిరానట్టేనట.

తీగచుట్ట నిరోధం నాలుగింటికీ 14 ఓముల దగ్గరే ఉంది. కరెంటు పరంగా మూడోది ఆరోగ్యంగానే ఉంది, మూతి మాత్రమే మూతపడటం లేదు. షెడ్డులో మీటరు పెట్టి ఇంజెక్టర్లు బాగున్నాయన్నారని నేను మొదట్లో రాయలేదు. నిజానికి అలా అన్నారు.

బరంపురం_బాబు | ఆదివారం, రాత్రి 10:02

శుభ్రం చేయిస్తే సరిపోతుందా, కొత్తది వేయాలా? నాలుగూ మార్చాలంటారా?

పర్లాకిమిడి_పాతచేయి | సోమవారం, ఉదయం 6:30

శబ్ద తరంగాలతో కడిగే అల్ట్రాసోనిక్ మెషిను మీద పెడితే మూతి దగ్గర గడ్డకట్టిన జిగురు పోతుంది. జిగురు వల్ల కారుతుంటే ఆగుతుంది. లోపలి సూది, దాని పీట అరిగిపోతే ఏ మెషినూ ఏమీ చేయలేదు. మూడు వందలకు శుభ్రమయ్యేదాన్ని ముందు కడిగించి చూడమన్నాను. నాలుగూ ఒకేసారి మార్చమని చెప్పేవాళ్లున్నారు. మిగతా మూడూ సమానంగా పిచికారీ కొడుతున్నాయని మెషిను చూపిస్తే నేను ముట్టుకోను. ఇక్కడ నాతో విభేదించేవాళ్లు ఉంటారని తెలుసు.

సిరొంచ_గోదారి | సోమవారం, ఉదయం 7:10

విభేదిస్తున్నాను. ఇరవై ఏళ్ల ఇంజెక్టర్లలో ఒకటి పోతే మిగతావి వరుసలో ఉన్నట్టే. మాస్టారి జేబు మాస్టారిది కాబట్టి ఇంతటితో ఆగుతున్నాను.

వంశధార_మాస్టారు | శనివారం, సాయంత్రం 5:50

విశాఖలో కడిగించాను. పదమూడు చుక్కలు నాలుగుకు దిగాయి, అంటే అరుగుదలే. మిగతా మూడింటి పిచికారీ సమానంగా ఉందని చూపించారు. అదే పార్టు నంబరు ఉన్న కొత్తది ఒకటి 1,750 రూపాయలకు తెచ్చి ఇక్కడే బిగించారు. ఆయిలు, ఫిల్టర్ మార్పించాను.

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేచింది. సంతోషించేలోపే ముల్లు 1,300కు పోయి అక్కడే కూర్చుంది. ఇదేం పీడ బాబూ!

జయపురం_మీటరు | శనివారం, సాయంత్రం 6:05

కంగారు వద్దు. రైలు బిగించేటప్పుడు ఇంజెక్టర్ కింది ఓ-రింగు (గాలి దూరకుండా ఆపే రబ్బరు చుట్టు) నలిగి ఉంటుంది, అక్కడ నుంచి దొంగగాలి లోపలికి దూరుతోంది. మీ బండి గాలిని మ్యాప్ సెన్సర్‌తో, అంటే మ్యానిఫోల్డులోని ఒత్తిడిని బట్టి అంచనా వేస్తుంది. దొంగగాలి దూరినా ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి దానికి తగిన పెట్రోలు పోసి, ఐడిల్ పెంచేస్తుంది. గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న బండి అయితే అదే కంతకు దగ్గి ఆగిపోయేది.

ఇంజిను తిరుగుతుండగా ఇంజెక్టర్ల మొదళ్ల దగ్గర ఒక్కోచోట రెండు మూడు చుక్కల నీళ్లు వేయండి. కార్బ్ క్లీనర్ కొట్టమని ఎవరైనా అంటారు, వేడి ఇంజిను మీద అది మంటతో ఆట. నీటి చుక్కను ఎక్కడ లోపలికి పీల్చుకుని ముల్లు ఒక్క క్షణం తగ్గుతుందో, అక్కడే కంత.

వంశధార_మాస్టారు | ఆదివారం, ఉదయం 11:20

రెండో ఇంజెక్టర్ మొదట్లో నీటి చుక్క చటుక్కున మాయమైంది, ముల్లు వంగి లేచింది. విప్పి చూస్తే పాత ఓ-రింగు గట్టిపడి అంచు చిట్లి ఉంది. కొత్త ఇంజెక్టరుకు కొత్త రింగులు వేసి, మిగతా మూడింటికి పాతవే వేశారు. పన్నెండు రూపాయల రింగు దగ్గర పొదుపు! నాలుగింటికీ కొత్తవి, కొద్దిగా ఇంజినాయిలు పూసి వేయించాను. ఐడిల్ 800 దగ్గర కదలకుండా నిలిచింది.

రాయగడ_డ్రైవర్ | ఆదివారం, ఉదయం 11:34

ఓ-రింగు గట్టిపడిందంటున్నారు. ఎందుకు గట్టిపడింది మాస్టారూ? నేను పేరు చెప్పడం లేదు.

జయపురం_మీటరు | ఆదివారం, ఉదయం 11:50

ఇరవై ఏళ్లు వేడి ఇంజిను మీద కూర్చుంటే మనిషైనా గట్టిపడతాడు అన్నయ్యా. పైగా అది గాలి వైపు రింగు. అయితే పాత పెట్రోలు గొట్టాలను ఎథనాల్‌ను తట్టుకునే రబ్బరుకు మార్చుకోవడం మంచిదే. ఆ మేరకు మీకు సగం మార్కులు.

పర్లాకిమిడి_పాతచేయి | ఆదివారం, మధ్యాహ్నం 12:15

మాస్టారూ, ఈ ఆయిలును కూడా అయిదు వందల కిలోమీటర్లకే మార్చేయండి, గోడలకు అంటిన పెట్రోలు ఇంకా దిగుతుంది. ప్లగ్గు మూడోది పదిహేను రోజులకు విప్పి ఫొటో పెట్టండి. ఇంతకూ ఆ నాలుగు టీ గ్లాసులు ఏమయ్యాయి?

వంశధార_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

బడి ప్రయోగశాలలో చేరాయి బాబాయి గారూ. ఇంటికి కొత్తవి అర డజను కొన్నాను. బండి ఖర్చుల పుస్తకంలో అవి కూడా రాశాను, 240 రూపాయలు.